భూదేవికొక గుడ్డ, సర్కారుకొక గుడ్డ

సర్కారు ఉత్తర్వుకీ వేసవి వడగళ్ల వానకీ ఒకటే అలవాటు. ఎవరి నెత్తి మీద గొడుగు లేదో చూసుకుని మరీ పడతాయి. తణుకు హన్విత నెత్తిన ఫిబ్రవరి ఒకటో తారీఖున పడింది.

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఏడాదిపాటు దేశం పంపిన చోటికి పోయి, దేశం చెప్పిన పని చేసి తీరాలి. దానికి జాతీయ యువసేవ అని పేరు పెట్టారు. ఏడాది పూర్తయిందని ముద్ర వేసిన పత్రం లేకపోతే ఉద్యోగం లేదు, పాస్‌పోర్టూ లేదు. హన్విత విశాఖపట్నంలో మ్యూజియం అడిగింది. అది కాకపోతే తణుకు గ్రంథాలయమైనా చాలంది. వచ్చిన కాగితంలో మాత్రం 'ఎర్రకొట్టాల మంచుగూడు, తేమ గడల పర్యవేక్షణ' అని ఉంది. ఎర్రకొట్టాల ఎక్కడుందని ఫోన్‌ని అడిగితే అది కూడా కాసేపు ఆలోచించి, సీమలో ఒక గుట్ట మీద చుక్క పెట్టి చూపించింది.

ఆమె వచ్చేటప్పుడు యాభై రెండు షాంపూ పొట్లాల దండ తెచ్చుకుంది. ఆదివారం ఆదివారం ఒకటి చింపుతుంది. దండ పొట్టిదయ్యే కొద్దీ ఇల్లు దగ్గరవుతుంది. డిసెంబరు మొదటివారానికి ఇంకా ఎనిమిది పొట్లాలు మిగిలాయి. అక్కడ హైదరాబాదులో ఒక కంపెనీ ఆమె కోసం ఒక కుర్చీ పట్టి ఉంచింది. ఫిబ్రవరి రెండున వచ్చి కూర్చోకపోతే అది ఇంకొకరిది.

పని కష్టమైందేమీ కాదు. గురువారం గురువారం స్కూటరేసుకుని గుట్ట దిగి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న నల్లవాగుపల్లె చేలకు పోవాలి. అక్కడ పన్నెండు ఇనుప గడలున్నాయి. ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తు. పైన గాజు కన్ను, లోపల గాలిలో తేమను కొలిచే యంత్రం. నిచ్చెన ఎక్కి కన్ను తుడవాలి, అంకె రాసుకోవాలి, కాగితం అడుగున 'తేడా లేదు', 'తేడా ఉంది' అన్న రెండు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. 'తేడా ఉంది' అని రాసినవారు మాత్రం విచారణ ముగిసేదాకా అక్కడే ఉండి రుజువు చూపించాలి. ఆ రూలు రాసినవాడెవడో గానీ మహా గడుసువాడు. అందుకే దేశం మొత్తం మీద ఎక్కడా తేడా ఉండేది కాదు.

ఆ గురువారం పొద్దున్నే నాలుగో గడ తుడిచి దిగేసరికి కింద ఓబుళమ్మ నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. చంకలో చుట్టిన ధోవతి, చేతిలో చెంబు. వచ్చిన కొత్తలోనే 'హన్విత' అన్న పేరు తన నోట తిరగదని తేల్చి, హనుమక్క అని మార్చేసిందామె. హన్వితకు ఆమె జేజి, అంటే సీమ మాటలో అవ్వ.

"ఏమ్మా హనుమక్కా, తుడిచినావా మీ గాజు కన్ను?"

"తుడిచా జేజీ."

"ఏం చెప్తాంది?"

"తేమ బాగానే ఉందంట. నిరుడెంతో ఇప్పుడూ అంతేనంట."

"అట్లనా." ఓబుళమ్మ చంకలో ధోవతి తీసి ఇచ్చింది. "పిండు."

నల్లరేగడిలో శనగ పూతకొచ్చినప్పుడు నల్లవాగుపల్లెలో ఒక అలవాటుంది. సాయంత్రం ఉతికిన తెల్లగుడ్డ చేను మీద పరుస్తారు. తెల్లారేసరికి ఆకుల మీది పులుపంతా మంచుతో కలిసి గుడ్డలోకి దిగుతుంది. పొద్దు పొడవకముందే పిండి సీసాకెత్తుకుంటారు. అదే శనగ పులుసు. కడుపునొప్పికీ వడదెబ్బకీ అంతకు మించిన మందు లేదంటారు.

హన్విత పిండింది. బొటనవేళ్లు నొప్పి పుట్టేదాకా పిండింది. ఒకే ఒక్క చుక్క గుడ్డ కొసకు వచ్చి, దిగాలా వద్దా అని ఆలోచించి, మళ్లీ గుడ్డలోకే ఇంకిపోయింది.

"చూసినావా? ముందు పిండు భూదేవిది, ఆ తర్వాత పిండు మనది. ఆయమ్మకే లేకపాయె, మనకేడిది?" అంది ఓబుళమ్మ. "మా అత్త కాలం నుంచి పిండుతాండా. అర చెంబుకు తక్కువ ఏ పొద్దూ రాలా. దీపావళికి మీ డాక్టరమ్మ ఆ మంచుగూటికి కొత్త పలకలేసిందంట గదా, ఆ పొద్దు నుంచి ఇంతే."

ఓబుళమ్మ కొడుకు మద్దిలేటి చేనుకు అడ్డంపడి వచ్చాడు. ఒక మొక్క పీకి హన్విత ముందు దులిపాడు. పూత పొగాకు నలిపినట్టు పొడిపొడిగా రాలింది.

"శనగకు వాన అక్కర్లేదు మేడమ్. మంచు తాగే పూస్తాది, మంచు తాగే కాస్తాది. ఇంకో నలభై దినాలు ఇట్లే ఉంటే మేము చేన్లోకి మేకల్ని తోలుకోవాల్సిందే."

"గాలిలో తేమ ఉంటే మంచు పడకుండా ఎలా ఉంటుందండీ? గడ చెప్తోంది కదా!"

"గడ ఎంత ఎత్తుండాది?" అడిగింది ఓబుళమ్మ.

"రెండు నిలువులు."

"శనగ చెట్టో?"

హన్విత కిందికి చూసింది. మోకాలికి కూడా రాలేదు.

"తాటిచెట్టు మీదుండే గీతగాణ్ణి పిలిచి, గుంతలో ఎండ్రకాయ బతికుందా సచ్చిందా అంటే వాడేం చెప్తాడమ్మా?"

హన్వితకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తన బూట్లు చూసుకుంది, నవ్వు ఆగిపోయింది. ఫిబ్రవరిలో వచ్చిన మొదటి వారం ఇదే చేలో నడిస్తే బూట్ల కుట్లు ఊడిపోయాయి, శనగ పులుపు గుడ్డని తినేసిందని గూటి దగ్గర అంగడి నడిపే మౌలాలి చెప్పాడు. కాళ్లు రెండు రోజులు మండాయి. ఇవాళ అవే చేలలో అంతసేపు తిరిగినా కొత్త తెల్లబూట్ల మీద నల్లమట్టి దుమ్ము తప్ప తడి లేదు.

అయినా ఆ రోజు కాగితం మీద 'తేడా లేదు' గడిలోనే టిక్కు పెట్టింది. పది నెలలుగా చేతికి అదే దారి తెలుసు.

*

మంచుగూడు ఎర్రకొట్టాల గుట్టకీ నక్కలగుట్టకీ మధ్య గండిలో ఉంది. దూరం నుంచి చూస్తే పెద్ద తేనెపట్టును నేల మీద బోర్లించినట్టుంటుంది. లోపల నాలుగు వేల పలకలు. ఒక్కొక్కటి చేటంత. వాటి మీద బూడిదరంగు పూత. ఆ పూతను డాక్టర్ దస్తగిరమ్మ పదకొండేళ్లు ప్రయోగశాలలో కాల్చి, నూరి, మళ్లీ కాల్చి తయారుచేసింది. చీకటి పడగానే గూటి రెక్కలు తెరుచుకుంటాయి, పలకలు గాలిలోని తేమను తాగుతాయి. ఎండ తగలగానే రెక్కలు మూసుకుంటాయి, పలకలకు చెమట పడుతుంది. ఆ చెమటే కాలువల్లో జారి తొట్టిలోకి చేరుతుంది. ఎర్రకొట్టాల ఊరంతా తాగేది అదే.

అంతకుముందు ఆ ఊరు తాగింది ఫ్లోరైడు కలిసిన బోరు నీళ్లు. ఆ నీళ్లు ఏం చేస్తాయో చూడాలంటే మౌలాలిని చూస్తే చాలు. దస్తగిరమ్మ తమ్ముడు. నలభై ఏడేళ్లు. మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, నడుస్తుంటే కత్తెర తెరిచి మూసినట్టుంటుంది. మెడ పైకి లేవదు. ఆకాశం చూడాలంటే పడుకోవాలి. తొట్టి దగ్గర కుళాయి తిప్పే పని అతనిది. పక్కన చిన్న అంగడి.

మర్నాడు పొద్దున్నే బిందెలు పట్టుకుని పిల్లలు వరుసకట్టారు.

"మోకాళ్లు చూపియ్యండ్రా!" అన్నాడు మౌలాలి.

రోజూ ఇదే తంతు. నిక్కర్లూ గౌన్లూ కాస్త పైకి లాగి నిలబడితే, వంగిన నడుముతో ఒక్కొక్కరి కాళ్లు చూస్తాడు. గూడు వచ్చాక పుట్టిన పిల్లల కాళ్లు మొక్కజొన్న కాడల్లా నిటారుగా ఉంటాయి. అవి చూశాకే కుళాయి తిప్పుతాడు.

"నీది బాగుండాది. నీదీ బాగుండాది. ఒరే, నీ మోకాలికి ఏమైందిరా?"

"గోడ దూకినా మామా."

"గోడ దూకి పగిలితే ఏం పర్వాలేదు పో."

హన్విత ఆ వరుస దాటి లోపలికి పోయి దస్తగిరమ్మకు గుడ్డ సంగతి చెప్పింది. ఆమె చేతిలోని పలకను కిందపెట్టకుండానే వింది.

"మబ్బు పట్టిందేమో. చలి తగ్గిందేమో. ఆ గుడ్డ ఏ సబ్బుతో ఉతికినారో. గుడ్డతో కొలతేంది పాపా? గడలు ఏం చెప్తాండాయి?"

"గడలు రెండు నిలువుల ఎత్తున్నాయి మేడమ్. శనగ మోకాలెత్తే."

దస్తగిరమ్మ పలక కిందపెట్టింది.

"రుజువు తే."

"తెస్తే ఏం చేస్తారు?"

కిటికీలోంచి మౌలాలి కనిపిస్తున్నాడు. ఒక చంటిదాని పాదాలు పట్టుకుని నిలబెట్టి చూస్తున్నాడు. దస్తగిరమ్మ చూపు అటు పోయి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

"తెచ్చినాక అడుగు," అంది.

ఆ సాయంత్రం తణుకు నుంచి నాన్న ఫోను.

"మన ఆఖరింటి సత్యం గారబ్బాయి సేవ పూర్తి చేసుకుని వచ్చేశాడే. ఏం చేశావురా అంటే సంతకాలు పెట్టానండి అన్నాడు. నువ్వూ ఆ ఎనిమిది సంతకాలూ పెట్టేసి వచ్చేయ్. కొత్త పనులేవీ నెత్తికెత్తుకోకు."

"నాన్నా, నువ్వు మిల్లులో తూకం యంత్రం దగ్గర ఇరవై ఏళ్లు చేశావు కదా. ముల్లు తప్పుగా ఉందని తెలిసీ తూచావా ఎప్పుడన్నా?"

అటునుంచి నాన్న టీవీ గొంతు పెంచిన చప్పుడు వినపడింది.

"అన్నం తిన్నావా?" అన్నాడు నాన్న చివరికి. ఆ మాట అన్నాడంటే ఓడిపోయాడని అర్థం.

*

హన్విత ఒకే తానులోంచి పన్నెండు ముక్కలు కోయించింది. ఒకే నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, మౌలాలి అంగట్లో పప్పులు తూచే త్రాసులో ఒక్కొక్కటీ తూచింది. మద్దిలేటి వెంట రాగా సాయంత్రాలు ఒక్కో గడ మొదట్లో ఒక్కో గుడ్డ పరిచింది. తెల్లవారుజామునే పోయి తెచ్చి, పిండి, మళ్లీ తూచింది. వారం రోజులు చేసింది. గుడ్డలు పొడి. ఒక్కోసారి చేతికి చెమ్మ తగిలేది, అంతే.

గురువారం నాడు 'తేడా ఉంది' గడిలో టిక్కు పెట్టింది. ఆ గడిలో కలం పెట్టడం అదే మొదలు కాబట్టి గీత కాస్త వంకరపోయింది. కాగితం జిల్లా ఆఫీసుకు పంపి, నకలు తెచ్చి దస్తగిరమ్మ బల్ల మీద పెట్టింది.

దస్తగిరమ్మ అంకెలన్నీ వేలితో చూసుకుంటూ పోయి, చివరి వరుస దగ్గర ఆగింది.

"పన్నెండో గడ నక్కలగుట్ట అవతల ఉండాది కదా?"

"అవును మేడమ్."

"నా గూటి గాలి గుట్ట దాటి అటు పోదు. పోయేదానికి దారే లేదు. మరి ఆడ గుడ్డ కూడా ఎందుకు పొడిగా ఉండాది?"

హన్విత కాగితం తనవైపు తిప్పుకుంది. పన్నెండూ పొడిగా ఉన్నాయన్న సంబరంలో, పన్నెండోది పొడిగా ఉండకూడదన్న సంగతే మరిచిపోయింది.

"మీ గుడ్డల్లోనే ఏదో తప్పుండాది," అంది దస్తగిరమ్మ. ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు, బతికిపోయిన అలసట ఉంది. "నేను గెలిచినానని చెప్పడంలే. పొరపాటు పడినానని ఒక ముక్క రాయి, వెనక్కి తీసుకో. నేను కూడా సంతకం పెడతా. ఫిబ్రవరికి ఇంటికి పోతావు."

గదికొచ్చి హన్విత కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. గోడకు వేలాడే దండలో ఏడు పొట్లాలున్నాయి. ఒక ముక్క రాస్తే చాలు. రాయడం తప్పు కూడా కాదు, అంకెలు నిజంగానే నిలబడలేదు. కానీ ఆ పొడి బూట్లు మంచం కింద నుంచి తననే చూస్తున్నట్టున్నాయి. అంకె తప్పితే అంకెను సరిచేయాలి, చూసినదాన్ని చూడలేదనడం ఎట్లా?

కలం మూసేసింది.

మర్నాడు రోజూ కంటే గంట ముందే బయల్దేరి, నక్కలగుట్ట చుట్టూ తిరిగి, పన్నెండో గడ దగ్గరికి పోయింది. చేను గట్టు మీద ఒక ఆకారం వంగి ఉంది. దగ్గరికి పోతే ఓబుళమ్మ. గట్టున పాతిన గనిమె రాయి మీద గుడ్డను మెలిపెట్టి పిండుతోంది. పులుసు చారగా రాయి మీద పడి మట్టిలోకి ఇంకుతోంది. పిండడం అయ్యాక గుడ్డను దులిపి, ముడతలు సాపుచేసి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు మళ్లీ శనగ మీద పరిచింది.

"జేజీ! ఏం చేస్తున్నావు?"

ఓబుళమ్మ ఉలిక్కిపడలేదు.

"ఏం చేస్తానమ్మా? ముందు పిండు భూదేవిది అని చెప్పినా గదా. నువ్వు నేరుగా సర్కారుకు పిండుకుంటాండావు. ఊరుగాని ఊరి పిల్లవు, పాపం తగులుతాదని నేనే పన్నెండు చేన్లూ తిరిగి ఆయమ్మది ఆయమ్మకిచ్చి పరుస్తాండా. వారం నుంచి మోకాళ్లు పోతాండాయి నీ పుణ్యాన."

హన్విత అక్కడే గట్టు మీద కూలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

"నాకొక మాట చెప్పచ్చు కదా జేజీ!"

"నువ్వడిగితివా? గడను అడిగితివి, గుడ్డను అడిగితివి. నన్నడిగితివా?"

"సరే, ఇప్పుడడుగుతున్నా. ఆ పదకొండు చేలలో పిండితే నీకేం వచ్చింది?"

"ఏమీ రాలే. ఉత్త పిండు. ఆయమ్మకు మొహం చూపించలేక సిగ్గేసింది. ఈడ మాత్రం ఆయమ్మ కడుపు నిండుతాంది. ఇదో, రాయి చూడు."

హన్విత వేలితో రాయి తాకి నాలుక మీద పెట్టుకుంది. పళ్లు జివ్వుమన్నాయి.

లేచి, ముసలామె రెండు చేతులూ పట్టుకుంది. పులుపుకు ఆ వేళ్లు చింతపండు పిసికినట్టు ముడుచుకుని ఉన్నాయి.

"జేజీ, ఒక పని చేద్దాం. ప్రతి గడ కింద రెండు గుడ్డలు పరుస్తా. ఒకటి భూదేవికి, అది నీది, నీ ఇష్టం. రెండోది సర్కారుకు. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు కూడా."

ఓబుళమ్మ ఆలోచించింది.

"పెద్ద గుడ్డ ఎవురికి?"

"రెండూ ఒకటే కొలత."

"ఆయమ్మనూ సర్కారునూ ఒకటే కొలతన పెడతావా? సరే కానీ. ముందు పరిచేది మాత్రం ఆయమ్మదే."

*

ఈసారి వారమంతా దస్తగిరమ్మను కూడా రమ్మంది హన్విత. మొదటి రెండు రోజులు ఆమె రాలేదు. మూడో రోజు తెల్లవారుజామున జీపు వచ్చి చేను పక్కన ఆగింది. దస్తగిరమ్మ దిగింది. ఒక్కో గడ దగ్గరికి నడిచి, సర్కారు గుడ్డను తన చేత్తోనే పిండింది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా చుక్క లేదు. గుట్ట చుట్టి పోయి పన్నెండోది పిండింది. గాజు కొలపాత్రలో పులుసు చిందుతూ పడి, సగం పైకి లేచి నిలిచింది.

దస్తగిరమ్మ పాత్రను అటూ ఇటూ వంచి చూసి, మద్దిలేటి చేతికిచ్చి, కిందికి వంగి ఒక పిడికెడు గడ్డి పీకింది. జీపు డ్రైవరు దగ్గర అగ్గిపెట్టె తీసుకుని దానికి నిప్పంటించింది. పచ్చిగడ్డి పొగ పైకి లేవలేదు. నేలకు అంటుకుని, పాము పాకినట్టు, పల్లంలోకి జారిపోయింది.

"చల్లగాలి బరువు," అందామె ఆ పొగను చూస్తూ. "నీళ్ల మాదిరే పల్లానికి పారుతాది. గుట్ట మీంచి గండిలో దిగి, అవతలి పదకొండు చేన్లలోకి వస్తాది. దాన్లోనే మంచంతా ఉండేది. ఆ గండి దగ్గర తేమ బాగుండాదని నేను ఏరి ఏరి గూడు ఆడ పెట్టినా. వాగుకు అడ్డం కట్ట కట్టినట్టు గాలికి కట్టినా, హన్వితా. వెయ్యి పలకలున్నప్పుడు కట్ట మీంచి పొర్లింది కాబట్టి తెలీలేదు. నాలుగు వేలేసినాక చుక్క వదల్లేదు. నెత్తి మీంచి పోయే గాలిని కొలిచినా గానీ, కాళ్ల కింద పాకే గాలిని కొలవాలని తోచలా."

ఓబుళమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వు పింజారి పుల్లన్న కూతురివి కదూ?" అంది. "మీ నాయన మా ఊరికి పరుపులు ఏకేదానికి వచ్చేటోడు. కాళ్లు ఆడకపోయినా వచ్చేటోడు. మంచోడు."

"ఆయన కాళ్ల కోసమే గూడు కట్టింది అవ్వా," అంది దస్తగిరమ్మ. "కట్టేలోగా పోయినాడు."

*

సాయంత్రం ఎర్రకొట్టాల తొట్టి దగ్గర ఊరంతా చేరింది. హన్విత చెప్పాల్సింది చెప్పింది. మంచు ఎక్కువగా దిగేది తెల్లవారేముందు ఆఖరి జాములో. ఆ ఒక్క జామూ గూటి రెక్కలు మూసేస్తే చల్లగాలి చేలలోకి పారుతుంది. పూత నిలిచే నలభై రోజులూ అట్లా చేస్తే చాలు. తొట్టిలో మాత్రం నీళ్లు మూడో వంతు తగ్గుతాయి.

చంకలో పిల్లనెత్తుకున్న ఒకావిడ ముందుకొచ్చింది.

"మూడో వంతంటే మూడిళ్లలో ఒకిల్లు ఉత్తదే కదా! నల్లవాగోళ్ల శనగలకు మా బిడ్డల కాళ్లు పెట్టాల్నా? నువ్వు ఇంకో నెలన్నరలో బస్సెక్కి పోతావు. నీకేం?"

"నేను పోవడం లేదక్కా," అంది హన్విత. "తేడా ఉందని రాసినవాళ్లు విచారణ అయ్యేదాకా పోకూడదు. రాశాను. మొదటిసారి తప్పు లెక్కతో రాశాను, ఇప్పుడు సరైన లెక్కతో మళ్లీ రాశాను. వాళ్లు ఎప్పుడొస్తారో తెలీదు. వచ్చేదాకా ఉంటా. ఆ పన్నెండు గుడ్డలూ రోజూ పిండుతా. ఇక్కడి తొట్టిలో నీళ్లూ రోజూ కొలుస్తా. ఎవరిది ఎంత తగ్గిందో రెండు ఊళ్లకీ చెప్తా."

ఆవిడ మెత్తబడలేదు. తర్వాత మాట్లాడింది మౌలాలి. కుళాయి పట్టుకుని, నేల చూపులు చూస్తూనే అన్నాడు.

"మూడో వంతేగదా తక్కువయ్యేది. నలభై దాటినోళ్లు ఈ ఊర్లో మూడో వంతుంటాం. మేము బోరు నీళ్లు తాగుతాం. నలభై దినాలు. బిడ్డలకూ, కడుపుతో ఉండేటోళ్లకూ, పడుచోళ్లకూ గూటి నీళ్లు. నిండా వంగిన ఎముక ఇంకేడికి వంగుతాది?"

"వంగుతాది రా," అంది దస్తగిరమ్మ. "నొప్పి కూడా పెరుగుతాది. నీకు తెలీదు, నాకు తెలుసు."

"నొప్పి నాది, నాకు తెలీదంటావేందక్కా?" అన్నాడు మౌలాలి. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను నవ్వలేదు. "మేము పుట్టినప్పుడు మాకోసం ఒక్క జామన్నా ఆపేటోడు లేకపాయె. ఇంకో ఊరోళ్ల కోసం మనం ఆపుదాం. ఎట్లుంటాదో చూద్దాం."

దస్తగిరమ్మకు యాభై మూడు. ఇరవై ఏళ్లుగా ఆమె బోరు నీళ్లు ముట్టలేదు. మౌలాలి అంగట్లోకి పోయి, గ్లాసు తీసుకుని, మూల పడి ఉన్న పాత చేతిపంపు దగ్గరికి నడిచింది. అది నాలుగుసార్లు కీచుమని, అయిదోసారి నీళ్లు కక్కింది. నిలబడే తాగింది. తర్వాత గ్లాసు కడిగి తమ్ముడికిచ్చింది. వాళ్ల వెనక ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు. పిల్లనెత్తుకున్న ఆవిడ అత్త కూడా కొంగు దోపుకుని వచ్చి వరుసలో చేరింది.

ఆ వరుస చూడలేక హన్విత తల దించుకుంది. వెంటనే ఎత్తింది. చూడాలి. ఇది కూడా లెక్కలో రాయాల్సిందే.

*

రెక్కలు మూయడం మొదలైన మూడో తెల్లవారుజామున నాలుగో గడ దగ్గర సర్కారు గుడ్డ బరువెక్కి ఉంది. ఓబుళమ్మ ముందు భూదేవి గుడ్డను గనిమె రాయి మీద పిండింది. చార చారగా పడింది. ఆమె రాయికి చెయ్యానించి కళ్లు మూసుకుంది. తర్వాత హన్విత పిండింది. పావు చెంబు. పన్నెండో గడంత కాదు, కానీ నిన్నటి మీద రెట్టింపు.

మధ్యాహ్నానికి ఓబుళమ్మ ఎర్రకొట్టాల గుట్టెక్కి వచ్చింది. నెత్తిన బిందె. ఇంకో ఊరి మనిషి నీళ్ల బిందెతో ఆ గుట్ట ఎక్కడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. తొట్టి దగ్గర దించి, ఆయాసం తీర్చుకుని, మౌలాలిని పిలిచింది.

"మా వాగులో చెలమ నీళ్లు. తియ్యగుంటాయి, నీ ఎముకలకేం కాదు. దినానికొక బిందె తెస్తా. అంతకన్నా ఈ ముసలిదాని వల్ల కాదు. మా ఊళ్లో కోడండ్లకు బుద్ధుంటే వాళ్లూ తెస్తారు. లేకపోతే లేదు."

నలుగురు కోడళ్లకు బుద్ధి పుట్టింది. మిగిలినవాళ్లకు పుట్టలేదు. చేతిపంపు దగ్గర వరుస కాస్త తగ్గింది, పోలేదు. జనవరి చలికి మౌలాలి మోకాళ్లు వాచాయి. అతను కుళాయి దగ్గరికి కుర్చీ వేయించుకున్నాడు. హన్విత అదీ తారీఖుతో సహా రాసింది. కిందున్న చేలలో పూత నిలిచి, పిందె పడింది.

ఫిబ్రవరి ఒకటి వచ్చింది. విచారణ బృందం మాత్రం రాలేదు, మార్చిలో రావచ్చని ఉత్తరం వచ్చింది. హైదరాబాదు కంపెనీ కుర్చీ ఇంకొకరికి ఇచ్చామని మర్యాదగా రాసింది. నాన్న ఫోను చేసి చాలాసేపు తిట్టి, ఆఖర్న అన్నం తిన్నావా అని అడిగాడు.

ఆ పొద్దున హన్విత చేలలోంచి నేరుగా తొట్టి దగ్గరికి వచ్చింది. స్కూటరు ముందు ఓబుళమ్మ బిందె. పిల్లల వరుస పక్కగా పోయి బిందె దించింది.

"మౌలాలి మామా, షాంపూ పొట్లాల దండ కావాలి."

"ఎన్ని పొట్లాలు?"

"పొడుగ్గా ఉన్నదేదన్నా సరే."

మౌలాలి కుర్చీలో వెనక్కి వాలి ఆమెకేసి చూశాడు. దండ తీయలేదు.

"ముందు వరుసలో నిలబడు. మోకాళ్లు చూపియ్యి హనుమక్కా. ఈ ఊరి లెక్కలో పడినావు ఇంక."

పిల్లలు కిలకిలా నవ్వారు. హన్విత వరుస చివర నిలబడి, తన వంతు రాగానే ప్యాంటు పైకి మడిచింది. మోకాళ్లు నిటారుగా ఉన్నాయి. వాటి కింద, చీలమండల దాకా, శనగ పులుపు తగిలి చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. బూట్ల కుట్లు రెండు చోట్ల ఊడిపోయాయి.

మౌలాలి ఆ ఎర్రటి చారలను చాలాసేపు చూశాడు.

"బాగుండాది," అని కుళాయి తిప్పాడు.